అమ్మ ఇల్లు, అమ్మ కట్టిన పన్ను

పుట్టింటినుంచి ఆడపిల్లకి ఏమేం వస్తాయని అడిగితే మనం పసుపు కుంకుమతో మొదలుపెట్టి అమ్మ గొలుసు, నాన్న రాసిచ్చిన అరెకరం దాకా చెప్తాం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ జాబితాలో ఇంకొకటి కూడా ఉంది. అమ్మానాన్నలు కడుతూ వచ్చిన పాత ఇంటి పన్ను! ఇల్లు రావడం సరే, పన్ను కూడా ఆస్తేనా అనిపిస్తుంది ఎవరికైనా. అక్కడది నిజంగానే ఆస్తి. కొన్ని కుటుంబాలకైతే అమ్మ గొలుసు కంటే ఎన్నో రెట్లు విలువైన ఆస్తి. దాని మీద నాలుగున్నర దశాబ్దాలుగా ఎన్నికల్లో ఓట్లు పడుతున్నాయి, కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ మాటలు మానేసుకుంటున్నారు.

ఎక్కడో ఉన్న కాలిఫోర్నియా గొడవ మనకెందుకు అంటారేమో. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోసే ఊళ్ళ పేర్లు ఇవాళ మన తెనాలిలోనూ వరంగల్లోనూ తెలియని ఇల్లు తక్కువ. అక్కడ ఇల్లు కొనుక్కున్న మన పిల్లలు ఈ లెక్కలోనే పన్ను కడుతున్నారు. రేపు వాళ్ళ పిల్లలకు ఇల్లు దక్కేదీ ఈ లెక్కలోనే. అదీగాక, కన్నవాళ్ళ ఇంట్లో ఎవరికెంత న్యాయం అన్న ప్రశ్న ఏ దేశంలో లేచినా అందులో ఆడవాళ్ళ కథ ఒకటి ఉంటుంది. నన్ను ఈ విషయం వైపు లాగింది అదే.

ముసలివాళ్ళ భయంలోంచి పుట్టిన చట్టం

1970ల్లో కాలిఫోర్నియాలో ఇళ్ళ ధరలు ఆకాశానికెక్కాయి. ఇంటి పన్ను ఇంటి ధరను బట్టి వేస్తారు కాబట్టి అదీ వెంట పెరిగింది. చిక్కెక్కడొచ్చిందంటే, ధర పెరిగినంత మాత్రాన ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ చేతికి డబ్బు రాదు కదా! పింఛనుతో బతికే ముసలమ్మ ఇల్లు కాగితం మీద రెండింతల విలువ చేస్తుంది. ఆవిడ వంటింట్లో మాత్రం అవే గిన్నెలు, అదే పింఛను. పన్ను కట్టలేక ఇల్లమ్ముకోవాలేమోనన్న భయం ఇంటింటా పట్టుకుంది.

ఆ భయాన్ని హోవర్డ్ జార్విస్, పాల్ గ్యాన్ అనే ఇద్దరు ఉద్యమంగా మార్చారు. కాలిఫోర్నియాలో జనం సంతకాలు సేకరించి, శాసనసభతో పని లేకుండా ఒక చట్టాన్ని నేరుగా ఓటుకు పెట్టించవచ్చు. అలా వచ్చిందే ప్రపోజిషన్ 13. 1978 జూన్ 6న దాదాపు మూడింట రెండు వంతుల మంది దానికి ఓటేశారు. పన్ను ఇంటి విలువలో ఒక శాతం మించకూడదు. ఆ విలువను కూడా ఏటా 2 శాతం కంటే ఎక్కువ పెంచకూడదు. ఇల్లు చేతులు మారినప్పుడో, కొత్తగా కట్టినప్పుడో మాత్రమే బజారు ధర ప్రకారం మళ్ళీ విలువ కడతారు. స్థానిక అవసరాలకు ఓటర్లు ఒప్పుకున్న అప్పుల కోసం మరికొంత కలుస్తుంది గానీ, అసలు లెక్క ఇదే.

ముసలమ్మ ఇల్లు నిలబడింది. కానీ ఇంటి పన్ను రాబడి ఒక్క దెబ్బకి సగానికి పైగా పడిపోయింది. బడులకూ ఊళ్ళకూ ఆ డబ్బే ఆధారం. అప్పటినుంచి బడుల ఖర్చులో పెద్ద భాగం రాష్ట్ర ప్రభుత్వం నెత్తిన పడింది.

ఒకే వీధి, రెండు పన్నులు

ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మన సామెత. కాలిఫోర్నియాలో ఇది తిరగబడింది. అక్కడ ముందొచ్చిన చెవులదే రాజ్యం. ముప్పై, నలభై ఏళ్ళ క్రితం కొన్నవాళ్ళు అప్పటి ధర మీద కడతారు. నిన్న కొన్నవాళ్ళు నిన్నటి ధర మీద కడతారు. మధ్యలో ఉన్నది ఒక్క కంచె.

స్టెఫనీ నార్డ్లింగర్ అనే ఆవిడ అంతకుముందు అద్దె ఇంట్లో ఉండేది. 1988లో లాస్ ఏంజెలిస్‌లో 1,70,000 డాలర్లు పెట్టి ఒక మామూలు ఇల్లు కొనుక్కుంది. పన్ను 1,701 డాలర్లు వచ్చింది. ఒక్క వీధి అవతల సరిగ్గా అంతే ఇల్లు, స్థలం ఇంకా కాస్త ఎక్కువే. దాని యజమాని 1975నుంచీ ఉన్నవాడు కావడంతో 358 డాలర్లు కడుతున్నాడు. ఇదెక్కడి న్యాయమని ఆవిడ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1992లో తీర్పొచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఎనిమిది మంది చట్టాన్ని సమర్థించారు. పాత కాపురాలు చెదరకుండా చూడటం ప్రభుత్వానికి తగిన ఉద్దేశమేననీ, కొత్తగా కొనేవాళ్ళకి పన్ను ఎంతో ముందే తెలుసు కాబట్టి ఇష్టముంటే కొంటారు, లేకపోతే మానేస్తారనీ వాళ్ళ వాదన. జస్టిస్ స్టీవెన్స్ ఒక్కరే ఒప్పుకోలేదు.

ఫ్రీమాంట్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు ఈ మాట వినగానే నవ్వింది. "ఇష్టం లేకపోతే మానెయ్యమనడానికి ఇల్లేమన్నా పట్టుచీరా? పిల్లలకి బడి కావాలి, మాకు ఉద్యోగం దగ్గర ఉండాలి" అంది. దాని ఇంటికి పక్కింటివాళ్ళ కంటే ఎనిమిది రెట్లు పన్ను. పిల్లలు వెళ్ళేది ఒకే బడి, చెత్త బండి వచ్చేది ఒకే రోజు. అయినా పక్కింటి పెద్దావిడంటే దానికి కోపం లేదు. "ఆవిడ కట్టలేదే అక్కా, పాపం" అంటుంది. ముసలావిడని రక్షించడం దాకా ఎవరికీ పేచీ లేదు. పేచీ ఆ తర్వాతి అంకంలో వచ్చింది.

రక్షణ కాస్తా వారసత్వమైంది

ముసలావిడ పోతే ఇల్లు పిల్లల పేరు మీదికి మారుతుంది. చేతులు మారింది గనక బజారు ధర ప్రకారం పన్ను పడాలి. అమ్మపోయిన దుఃఖంలో ఉన్న పిల్లల నెత్తిన ఇదేం పిడుగని 1986లో ప్రపోజిషన్ 58 తెచ్చారు. భార్యాభర్తల మధ్య ఇల్లు మారితే కొత్త విలువ కట్టరు. తల్లిదండ్రులు ఉన్న సొంత ఇల్లు, దాని ఖరీదు ఎంతైనా సరే, పిల్లలకి పాత పన్నుతోనే వస్తుంది. పైగా ఇతర ఆస్తులు కూడా పన్ను లెక్క విలువలో 10 లక్షల డాలర్ల వరకు అలాగే రావచ్చు. 1996లో ప్రపోజిషన్ 193 వచ్చి, తల్లిదండ్రులు పోయిన మనవలకి కూడా దీన్ని వర్తింపజేసింది.

ఇందులో ఒక పెద్ద కంత ఉంది. పిల్లలు ఆ ఇంట్లో ఉండాలన్న నియమం లేదు. అమ్మ ఇంటిని అద్దెకిచ్చుకోవచ్చు, సెలవులకి వెళ్ళి గడపడానికి అట్టేపెట్టుకోవచ్చు. పన్ను మాత్రం అమ్మ కట్టినంతే. ముసలమ్మ రోడ్డున పడకూడదని పెట్టిన గొడుగు కింద ఆవిడ కొడుకు అద్దెల వ్యాపారం చేసుకోవచ్చన్నమాట. 2018లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రిక ఇలాంటి ఇళ్ళ గురించి పెద్ద కథనం రాసింది. మాలిబు సముద్రతీరంలో పేరున్న సినిమా కుటుంబానికి వారసత్వంగా వచ్చిన ఇంటిని నెలకు దాదాపు 16 వేల డాలర్ల అద్దెకు పెట్టారు. దాని పన్ను ఏడాది మొత్తానికి 6 వేల డాలర్ల లోపే!

అంతకుముందే, 2017లో, కాలిఫోర్నియా శాసనసభకు లెక్కలు చూసిపెట్టే కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. పదేళ్ళలో సుమారు ఆరున్నర లక్షల ఆస్తులు ఇలా పాత పన్నుతో పిల్లల చేతికి వచ్చాయనీ, ఒక్క 2015-16లోనే దీనివల్ల పోయిన రాబడి 150 కోట్ల డాలర్లనీ తేల్చింది. ఆ డబ్బు బడులది, ఊళ్ళది.

2020లో మారిన లెక్క

2020 నవంబరు ఎన్నికల్లో ప్రపోజిషన్ 19 ఓటుకొచ్చింది. దాని వెనక నిలబడి ఖర్చు పెట్టింది ప్రధానంగా ఇళ్ళ క్రయవిక్రయాలు చేసే రియల్టర్ల సంఘం. ఇళ్ళు కదిలితేనే కదా వాళ్ళకి కమీషను! 55 ఏళ్ళు దాటినవాళ్ళూ, వికలాంగులూ, కార్చిచ్చులో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళూ రాష్ట్రంలో ఎక్కడికి మారినా తమ పాత పన్ను విలువను వెంట తీసుకెళ్ళేందుకు అది వీలిచ్చింది. దానికి బదులుగా వారసత్వపు మినహాయింపును బిగించింది. అటు నుంచి వచ్చే రాబడిలో ఎక్కువ భాగం అగ్నిమాపక ఖర్చులకు పోతుంది. 51 శాతం ఓట్లతో బొటాబొటీగా నెగ్గింది. పిల్లల విషయంలో కొత్త నియమాలు 2021 ఫిబ్రవరి 16 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ తేదీలోగా ఇల్లు పిల్లల పేర రాసెయ్యాలని ఎన్నో కుటుంబాలు పరుగులు పెట్టాయి.

కొత్త నియమం ప్రకారం, అమ్మానాన్నలు కాపురమున్న ఇల్లయి ఉండాలి. పిల్లల్లో కనీసం ఒక్కరు ఏడాదిలోగా అందులో చేరి, దాన్నే సొంత నివాసంగా కాగితం మీద నమోదు చేయించుకోవాలి. అప్పుడు కూడా పూర్తి మినహాయింపు ఉండదు. పాత పన్ను విలువకు 10 లక్షల డాలర్లు కలిపి, బజారు ధర దాన్ని దాటితే ఆ దాటినంతా విలువకు చేరుతుంది. ఈ 10 లక్షలను రెండేళ్ళకోసారి సవరిస్తారు. 2025 ఫిబ్రవరి 16 నుంచి రెండేళ్ళకి అది 10,44,586 డాలర్లు. అద్దెకిచ్చిన ఇళ్ళూ, వేసవి ఇళ్ళూ, దుకాణాలూ పాత మినహాయింపులోంచి తీసేశారు. సాగులో ఉన్న కుటుంబ వ్యవసాయ భూములకి మాత్రం ఉంచారు.

ఒక్కసారి మనం నెలసరి పద్దు రాసుకున్నట్టు రాసి చూద్దాం. ఒకావిడ 1976లో 60 వేల డాలర్లకి ఇల్లు కొన్నదనుకోండి. ఏటా 2 శాతం పెరిగి 2025 నాటికి పన్ను విలువ సుమారు 1,58,000 అవుతుంది. ఒక శాతం చొప్పున పన్ను 1,580 డాలర్లు. బజారులో ఆ ఇల్లు 16 లక్షలు చేస్తుందనుకుందాం. 2025 చివర్లో ఆవిడ పోయింది. పాత చట్టమే ఉంటే కూతురు ఎక్కడున్నా ఆ 1,580తోనే సరి. కొత్త చట్టంలో, కూతురు వచ్చి ఆ ఇంట్లో ఉంటే 1,58,000కి 10,44,586 కలిపితే 12,02,586. పదహారు లక్షలు దీన్ని 3,97,414 దాటాయి. అది పాత విలువకి చేరి 5,55,414 అవుతుంది. పన్ను సుమారు 5,554. కూతురు అందులో ఉండకపోతే నేరుగా 16,000. ఒకే ఇల్లు, ఒకే కూతురు, మూడు రకాల పన్ను. ఏది పడుతుందన్నది ఆవిడ ఎక్కడ నిద్రపోతుందన్న దాని మీద ఆధారపడి ఉంది.

ఇంట్లో ఉండిపోయిన కూతురు

ఇక్కడే నాకు ఆడవాళ్ళ కథ కనపడింది. మా పెద్దమ్మ కూతురి ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒకావిడ ఉంటుంది. యాభై దాటినావిడ. తండ్రి పోయాక తల్లికి మతిమరుపు జబ్బు వస్తే, ఉద్యోగం సగం చేసుకుని పుట్టింటికొచ్చి ఎనిమిదేళ్ళు తల్లికి స్నానం, అన్నం, మందులు అన్నీ చూసింది. ఇద్దరన్నలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డారు, పండక్కి వచ్చిపోయేవారు. 2022లో తల్లి పోయింది. ఇల్లు ముగ్గురికీ సమానంగా రాసింది. అన్నలు అమ్మేద్దామన్నారు. ఆవిడ ఉంటానంది.

చట్టం ఈవిడకు కొంత తోడుంది. ముగ్గురి పేరా ఇల్లున్నా, పిల్లల్లో ఒక్కరు అందులో ఉంటే మినహాయింపు దక్కుతుంది. కానీ అన్నలకి వాళ్ళ వాటా డబ్బు కావాలి. చెల్లెలు డబ్బిచ్చి వాళ్ళ వాటా కొనుక్కుంటే, అది తల్లినుంచి బిడ్డకి రావడం కాదు, అన్ననుంచి చెల్లెలికి రావడం. ఆ రెండు వాటాలకీ బజారు విలువ పడుతుంది! దీనికి ఒక దారుంది. తల్లి రాసిన ట్రస్టు పత్రంలో ఇల్లొకరికీ డబ్బొకరికీ పంచే వీలు ఉంటే, ట్రస్టే బయటివాళ్ళ దగ్గర ఇంటి మీద అప్పు తెచ్చి, ఆ డబ్బు అన్నలకిచ్చి, ఇల్లు మొత్తం చెల్లెలికివ్వవచ్చు. అప్పుడు అది తల్లినుంచి వచ్చినట్టే. రెండింటిలోనూ అన్నలకు ముట్టేది అదే డబ్బు, చెల్లెలు ఉండేది అదే ఇల్లు. ఏ కాగితం ముందు, ఏ కాగితం వెనక అన్న తేడాతో ఏటేటా వేల డాలర్లు అటో ఇటో అవుతాయి. ఆవిడకి వకీలు ఈ దారి చెప్పాడు గనక సరిపోయింది. చెప్పేవాళ్ళు లేని ఆడవాళ్ళ సంగతో?

ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. "పిల్లలు" అంటే ఎవరని చట్టం లెక్క చెప్పింది. సవతి పిల్లలు, పద్దెనిమిదేళ్ళ లోపు దత్తు చేసుకున్న పిల్లలు, అల్లుడు, కోడలు కూడా పిల్లలే! కోడలిని బిడ్డగా చూసుకున్నాం అని నోటితో చెప్పేవాళ్ళని చూశాం గానీ, పన్ను కాగితం మీద రాసిన చోటు ఇదే చూడటం. అయితే దానికీ ఒక షరతుంది. విడాకులైతే ఆ బంధుత్వం తెగుతుంది. భర్త చనిపోతే, ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా కోడలే. చేసుకుంటే కాదు. అల్లుడికీ ఇదే నియమం, కాబట్టి ఆడా మగా తేడా పెట్టారని అనలేం. అయినా భర్త పోయాక అత్తమామల్ని కనిపెట్టుకుని ఉండిపోయే కోడళ్ళెందరు, అల్లుళ్ళెందరు? కాగితం మీద సమానంగా కనిపించే షరతు బతుకులో ఎవరి మెడకి చుట్టుకుంటుందో మనకి వేరే చెప్పాలా?

ఎవరిది న్యాయం?

ప్రపోజిషన్ 19ని ప్రపోజిషన్ 13 వారసులు, అంటే జార్విస్ పేరు మీద నడిచే పన్ను చెల్లింపుదారుల సంఘం, చావు మీద పన్ను అంటున్నారు. వాళ్ళ మాట మొత్తం కొట్టిపారేయను. లాస్ ఏంజెలిస్ దక్షిణ పేటల్లో నల్లజాతి కుటుంబాలకి ఒకప్పుడు కష్టపడి కొన్న ఆ ఒక్క ఇల్లే తరాల ఆస్తి. కూతురికి ఉద్యోగం వేరే ఊళ్ళో ఉంటే ఏడాదిలోగా వచ్చి చేరగలదా? చేరలేకపోతే, 16 వేల పన్ను కట్టలేక ఇల్లమ్ముకోవలసిందే. కొనేది ఎలాగూ డబ్బున్నవాడే. అమ్మ సంవత్సరీకం అయ్యేలోపు ఈ నిర్ణయం తీసుకోమనడం కాస్త కఠినమే.

కానీ రెండోవైపు చూడండి. సొంత ఇల్లే లేని తల్లి కూతురికి ఏ పాత పన్నూ రాదు. ఆవిడ అద్దె కడుతూ, ఎప్పుడో ఇల్లు కొనుక్కుంటే కొత్త పన్ను కడుతుంది. మన పిల్లల్లాగా వలసొచ్చినవాళ్ళందరిదీ అదే వరస. ఎక్కడో పుట్టిన అమ్మానాన్నలు వాళ్ళకి కాలిఫోర్నియాలో పాత పన్ను ఎలా ఇస్తారు? వచ్చే రాబడి ఒకరి దగ్గర తగ్గితే ఆ లోటు ఇంకొకరి నెత్తిన పడుతుంది, లేకపోతే బడి నెత్తిన పడుతుంది.

నా మటుకు నాకు, ఇంట్లో ఉన్నవాళ్ళకి రక్షణ, ఊరికే సొంతదారులైనవాళ్ళకి లేదు అన్న గీత సరైన గీతే అనిపిస్తుంది. 1978లో జనం ఓటేసింది కాపురాన్ని కాపాడమని, అద్దెల లాభాన్ని కాపాడమని కాదు. గీత సరైనదే గానీ గడువు సరైనది కాదు. అమ్మకి చాకిరీ చేసి అదే ఇంట్లో ఉండిపోయిన బిడ్డకీ, రాబడి తక్కువ ఉన్న బిడ్డకీ ఇంకొంచెం వెసులుబాటు ఇస్తే నష్టమేమీ లేదు.

మన వైపు చూసుకుంటే, ఎస్టేటు డ్యూటీ 1985లోనే పోయింది. మన ఊళ్ళలో ఇల్లు నాన్న పేరునుంచి పిల్లల పేరుకి మారినంత మాత్రాన ఇంటి పన్ను పదింతలు కాదు. మన చిక్కు ఇంకోచోట ఉంది. 1985లో అప్పటి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ, 2020లో సుప్రీంకోర్టు తీర్పు, అన్నీ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కుందన్నాయి. అయినా నాన్న దినాలు కాకముందే హక్కు వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టే అక్కచెల్లెళ్ళు మన వీధివీధినా ఉన్నారు. పుట్టింట్లో ఉండిపోయి అమ్మని చూసుకున్న కూతురు మన లెక్కలో "తిరిగొచ్చిన పిల్ల". కాలిఫోర్నియా చట్టంలో ఎన్ని లోపాలున్నా ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతుంది: ఈ ఇంట్లో ఎవరుంటున్నారు? ఆ ప్రశ్న మన పంపకాల్లో పెద్దమనుషులెవరూ అడగగా నేను వినలేదు.

మీ పిల్లలు అక్కడుంటే ఈ నాలుగు మాటలూ ఫోనులో చెప్పండి. భర్తనుంచి భార్యకి ఇల్లొస్తే పన్ను మారదు గానీ, పత్రంలో తన పేరుందో లేదో కోడలు పిల్ల ఇప్పుడే చూసుకోవాలి. ముందుజాగ్రత్త పేరుతో పిల్లల పేరు ఇంటి పత్రంలో తొందరపడి చేర్చకూడదు, పేరు చేర్చిన తీరును బట్టి అదీ చేతులు మారడం కిందికి రావచ్చు. అలా బతికుండగా ఇచ్చిన ఇంటిని పిల్లలు తర్వాత అమ్మితే, పాత కొనుగోలు ధరనుంచే లాభం లెక్కేసి కేంద్ర ఆదాయపు పన్ను పడుతుంది. మరణం తర్వాత వస్తే ఆ నాటి విలువనుంచి లెక్కిస్తారు. వీలునామా గానీ ట్రస్టు గానీ రాయించేటప్పుడు, ఇంట్లో ఉండేదెవరో, మిగతావాళ్ళకి డబ్బెలా చేరాలో అందులోనే రాయించాలి. కౌంటీ అసెసర్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టే గడువు మరిచిపోకూడదు. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ మాటలు అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉండగానే, అందరూ ఒకచోట కూర్చుని, కూతురిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవాలి.